ఆన్‌లైన్‌లో బట్టలు తరచూ రిటర్న్ చేస్తున్నారా? కంపెనీ ఆంక్షలు పెట్టకముందే చేసుకోవాల్సిన పనులు

కుర్తీ చంకల దగ్గర పట్టేసింది. చీర రంగు ఫొటోలో ఒకలా ఉంది, ఇంటికొచ్చాక ఇంకోలా ఉంది. పిల్లాడి ప్యాంటు రెండు మడతలు పెట్టినా నేలకు రాస్తోంది. ఇలాంటి కారణాలతో పార్సిల్ వెనక్కి పంపని ఇల్లు ఇప్పుడు అరుదు. చేత్తో తాకకుండా, వేసి చూసుకోకుండా కొనేటప్పుడు తిప్పి పంపే వెసులుబాటు ఉండి తీరాలి. అది లేకపోతే మండల కేంద్రాల్లో, చిన్న టౌన్లలో ఉండే ఆడవాళ్లలో చాలామంది ఆన్‌లైన్‌లో బట్టలు కొనే ధైర్యమే చేసేవాళ్లు కాదు.

అయితే కొంతకాలంగా ఇంకో సమస్య మొదలైంది. "అక్కా, నీ ఫోన్లో దీనికి రిటర్న్ వస్తోందా? నాకు ఎక్స్‌ఛేంజ్ మాత్రమే అని చూపిస్తోంది" అంటూ మా అపార్ట్‌మెంట్‌లో ఒకమ్మాయి ఫోన్ పట్టుకొచ్చింది. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూశాం. అదే కుర్తీ, అదే సెల్లర్, అదే ధర. ఒక ఫోన్లో రిటర్న్ ఉంది, ఇంకో ఫోన్లో లేదు. ఆ అమ్మాయి తన ఒక్కదానికే కాదు, వాళ్ల పిన్నికి, ఆడపడుచుకి, ఎదురింటి ఆంటీకి కూడా ఆ ఫోన్ నుంచే ఆర్డర్లు పెడుతుంది. నలుగురి రిటర్న్‌లూ ఒకే అకౌంట్ లెక్కలోకి వెళ్లాయి.

తరచూ రిటర్న్ చేసేవాళ్ల విషయంలో కంపెనీలు ఎక్కడ గీత గీస్తాయి, ఆ గీత దాటకుండా ఎలా కొనాలి, గీత పేరు చెప్పి మన హక్కును తీసేయబోతే ఏం చేయాలి అన్నవి వరుసగా చూద్దాం.

మొదట తేల్చుకోవాల్సింది: ఇది హక్కా, సదుపాయమా?

మన దేశంలో ‘వేసుకుని చూశా, నచ్చలేదు’ అన్న కారణంతో ఆన్‌లైన్‌లో కొన్నది వెనక్కి ఇచ్చే హక్కు చట్టంలో లేదు. యూరోపియన్ యూనియన్‌లో, బ్రిటన్‌లో చాలా వస్తువులకు 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే కొనుగోలు రద్దు చేసుకోవచ్చు. ఇక్కడ మాత్రం నచ్చనిదాన్ని వెనక్కి తీసుకోవడం కంపెనీ తన వ్యాపారం కోసం ఇచ్చే సదుపాయం. పాలసీలో ఏడు రోజులని రాసుకుంటే ఏడు, ఎక్స్‌ఛేంజ్ మాత్రమే అని రాసుకుంటే అంతే.

హక్కు వేరే చోట ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కొన్ని సందర్భాల్లో సెల్లర్ సరుకును వెనక్కి తీసుకోననీ, డబ్బు ఇవ్వననీ అనడానికి వీల్లేదు. సరుకులో లోపం ఉన్నా, నకిలీ అయినా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా ఇది వర్తిస్తుంది. వరదల్లాంటి చేతిలో లేని కారణాల వల్ల ఆలస్యమైతే మాత్రం మినహాయింపు. ఈ నిబంధనలో ‘కొనుగోలుదారు ఇంతకుముందు ఎన్ని రిటర్న్ చేశారు’ అన్న లెక్క ఎక్కడా లేదు. వంద రిటర్న్ చేసినవాళ్లకు చిరిగిన చొక్కా వచ్చినా అది వెనక్కి ఇచ్చే హక్కు ఉంటుంది.

సైజు విషయంలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. చార్ట్‌లో ఛాతీ 40 అంగుళాలని రాసి, వచ్చిన కుర్తీకి టేపు పెడితే 37 ఉంటే, అది ‘నాకు సరిపోలేదు’ అనే సదుపాయం కిందికి రాదు. ప్రకటనలో చెప్పినట్టు సరుకు లేదు, కాబట్టి హక్కు కిందికి వస్తుంది. అదే చార్ట్ సరిగ్గానే ఉండి మనమే సైజు తప్పు ఎంచుకుంటే సదుపాయం మాత్రమే. ఇంట్లో కొలతల టేపు ఉండాలని చెప్పేది ఇందుకే.

కంపెనీలు ఎలా కట్టడి చేస్తాయి?

బట్టలు తిప్పి పంపితే రెండోవైపు రవాణా ఖర్చు పడుతుంది. వచ్చినదాన్ని విప్పి చూడాలి, ఇస్త్రీ చేయాలి, కొత్త కవర్లో పెట్టాలి. ఈలోపు సీజన్ దాటిపోతే ధర తగ్గించి అమ్మాలి. చాలా వేదికల్లో ఈ భారం కొంతైనా సెల్లర్ మీద పడుతుంది. సూరత్‌లోనో, తిరుప్పూర్‌లోనో, జైపూర్‌లోనో చిన్న యూనిట్ నడిపేవాళ్లకు ఒక రిటర్న్ వస్తే రెండు మూడు అమ్మకాల లాభం పోవచ్చు. మీషోలో ఒకే వస్తువుకు రెండు ధరలు చూపించడం మీరు గమనించే ఉంటారు. ఏ కారణానికైనా రిటర్న్ కావాలంటే ఒక ధర, తప్పు వస్తువు లేదా లోపమున్న వస్తువు వస్తేనే రిటర్న్ అంటే తక్కువ ధర. రిటర్న్ ఖర్చు చివరికి ఎవరో ఒకరు మోస్తారని ఆ రెండు ధరలే చెప్తాయి.

ఈ కట్టడి మన దగ్గరే మొదలు కాలేదు. రిటర్న్‌లు ఎక్కువయ్యాయని అమెజాన్ కొందరి అకౌంట్లు మూసేస్తోందని 2018లో అమెరికాలో పెద్ద వార్త అయింది. బ్రిటన్‌లో బట్టల బ్రాండ్ జారా 2022 నుంచి ఆన్‌లైన్ రిటర్న్‌కు రుసుము తీసుకుంటోంది. అక్కడి ఆన్‌లైన్ బట్టల కంపెనీ ఏసాస్ అయితే 2024లో తరచూ రిటర్న్ చేసేవాళ్లకే 3.95 పౌండ్ల రుసుము పెట్టింది, ఆర్డర్‌లో కనీసం 40 పౌండ్ల సరుకు ఉంచుకుంటే తప్ప. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. అక్కడ కొన్ని పెద్ద దుకాణాలు ‘ద రిటైల్ ఈక్వేషన్’ అనే సంస్థ ద్వారా ఎవరు ఎంత రిటర్న్ చేస్తున్నారో చూస్తాయి. దుకాణం రిటర్న్ తీసుకోనంటే, మీ పేరు మీదున్న రిటర్న్ రిపోర్టు ఇవ్వమని ఆ సంస్థను అడగొచ్చు.

మన యాప్‌లలో కట్టడి ఒక్కసారిగా అకౌంట్ మూసేయడంతో మొదలవడం తక్కువ. కింద చెప్పిన సూచనల్లో ఏదైనా కనిపిస్తే మీ అకౌంట్ మీద కన్ను పడిందనే అనుకోండి.

- వేరేవాళ్లకు రిటర్న్ ఉన్న వస్తువుకే మీకు ‘ఎక్స్‌ఛేంజ్ మాత్రమే’ అని రావడం
- క్యాష్ ఆన్ డెలివరీ ఆప్షన్ పోవడం
- రిటర్న్ మీద కొత్తగా రుసుము కనిపించడం
- పికప్ అవ్వగానే వచ్చే రీఫండ్, గోడౌన్‌లో చెక్ చేశాకే అని మారడం
- ‘మీ రిటర్న్‌లు ఎక్కువగా ఉన్నాయి’ అని మెయిలో నోటిఫికేషనో రావడం

ఎన్ని రిటర్న్‌లకు ఈ గీత అన్నది కంపెనీలు బయటపెట్టవు. మామూలుగా చూసేది కొన్నవాటిలో ఎన్ని వెనక్కి వచ్చాయన్న నిష్పత్తి. అందుకే నాలుగు కొని మూడు తిప్పి పంపేవాళ్ల మీద, నలభై కొని ఆరు పంపేవాళ్ల మీద కంటే ముందు దృష్టి పడుతుంది. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి, కొరియర్ బాయ్ గుమ్మం దాకా వచ్చాక వద్దనడం కూడా మీ ఖాతాలో చెడ్డ గుర్తే. వద్దనుకుంటే పార్సిల్ బయల్దేరకముందే యాప్‌లో క్యాన్సిల్ చేయండి. డెలివరీ బాయ్‌కి పెట్రోలూ, టైమూ మిగుల్తాయి.

మొదటి మెట్టు: ఆర్డర్ పెట్టేముందు పేజీలో చదవాల్సిన నాలుగు లైన్లు

ఫొటోలన్నీ తిప్పి చూస్తాం, ధర చూస్తాం, కింద ఉన్న రిటర్న్ షరతు మాత్రం చూడం. ఆ లైన్ మీద నొక్కితే ఎన్ని రోజులు, రిటర్నా ఎక్స్‌ఛేంజా, రుసుము ఉందా, డబ్బు అసలు ఖాతాకు వస్తుందా లేక యాప్ వ్యాలెట్‌లోకి వెళ్తుందా అన్న నాలుగూ తెలుస్తాయి. రిటర్న్ షరతులు, వెనక్కి పంపే ఖర్చు ఎవరిదన్నది స్పష్టంగా చూపించాలని ఈ-కామర్స్ నిబంధనలే చెప్తున్నాయి. ధర 300 దాటితే ఈ పేజీని, సైజు చార్ట్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. తర్వాత పేజీ మారిపోయినా మీ దగ్గర ఆధారం ఉంటుంది.

లోదుస్తులు, స్విమ్ సూట్లు, సాక్సుల్లాంటివి శుభ్రత కారణంగా చాలాచోట్ల రిటర్న్ తీసుకోరు. కొత్త బ్రాండ్ లోదుస్తులు ఒకేసారి ఆరు ప్యాకెట్లు కొనకండి. ఒక్కటి కొని వాడి చూడండి.

రెండో మెట్టు: కొలతలు

బట్టల రిటర్న్‌లలో పెద్ద పాలు సైజుదే. దానికి మన తప్పొక్కటే కారణం కాదు. మన దేశంలో బ్రాండ్లన్నీ పాటించే ఒకే కొలతల పట్టిక లేకపోవడం అసలు మూలం. ఒక బ్రాండ్ ‘ఎల్’ ఇంకో బ్రాండ్‌లో ‘ఎం’ అవుతుంది. దీన్ని సరిచేద్దామనే నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) ఆధ్వర్యంలో ‘ఇండియా సైజ్’ ప్రాజెక్టు తలపెట్టారు. హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో 15 నుంచి 65 ఏళ్ల వయసువాళ్లు 25 వేల మందికి పైగా శరీర కొలతలు త్రీడీ స్కానర్లతో తీసుకోవాలన్నది అందులో భాగం. ఆ పట్టిక ప్రకారం అన్ని బ్రాండ్లూ కుట్టే రోజు వచ్చేదాకా అక్షరాన్ని నమ్మొద్దు, అంగుళాన్ని నమ్మండి.

పద్ధతి తేలిక. మీకు బాగా సరిపోయే కుర్తీ ఒకటి తీయండి. బొత్తాలుంటే పెట్టి, ముడతలు లేకుండా డైనింగ్ టేబుల్ మీదో, చాప వేసిన నేల మీదో పరవండి. పరుపు మీద వద్దు, గుడ్డ లోపలికి దిగి కొలత తప్పుతుంది. ఒక చంక కుట్టు నుంచి ఇంకో చంక కుట్టు దాకా టేపు అడ్డంగా పెట్టండి. 20 అంగుళాలు వస్తే ఆ కుర్తీ ఛాతీ 40. అలాగే భుజం కుట్టు నుంచి భుజం కుట్టు దాకా, చేతి చుట్టుకొలత కండ దగ్గర, సైడు కట్ మొదలయ్యే చోట వెడల్పు, మెడ పక్కనుంచి కింది అంచు దాకా పొడవు. ఈ ఐదూ ఫోన్ నోట్స్‌లో పేరుతో రాసుకోండి. అమ్మకు, అత్తగారికి, పిల్లలకు కూడా విడివిడిగా తీసిపెట్టండి. ఒక్క మధ్యాహ్నం పని.

చార్ట్ చూసేటప్పుడు అక్కడున్న కొలత ఒంటిదా, బట్టదా అన్నది చూసుకోవాలి. ‘టు ఫిట్’ అని ఉంటే అది ఒంటి కొలత. ‘గార్మెంట్’ అని ఉంటే కుట్టిన బట్ట కొలత. ఒంటి చుట్టూ 37 ఉన్నవాళ్లకు గార్మెంట్ కొలత 37 ఉన్న కాటన్ కుర్తీ వస్తే చేతులు పైకెత్తలేరు. కాటన్, లినెన్ లాంటి సాగని గుడ్డకు ఛాతీ దగ్గర ఒంటి కొలత కంటే రెండు మూడు అంగుళాలు ఎక్కువ ఉండాలి. లైక్రా కలిసినవి, హోజరీ గుడ్డవి దాదాపు సమానంగా ఉన్నా పర్వాలేదు. కాటన్, రేయాన్ మొదటి ఉతుకుకే కాస్త ముడుచుకుంటాయి. సరిగ్గా సరిపోయేది కొంటే నెల తిరిగేసరికి బిగుతైపోతుంది.

కుర్తీల్లో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది చేతి చుట్టుకొలత. చాలా చార్ట్‌లలో అది ఉండనే ఉండదు. అప్పుడు రివ్యూలలో ఫొటోలు పెట్టినవాళ్లవి చూడండి. ‘చేతులు టైట్’ అని ఇద్దరు ముగ్గురు రాసి ఉంటే ఒక సైజు పెద్దది తీసుకుని పక్కలు టైలర్‌తో బిగించుకోవడం మేలు. పెద్దదాన్ని చిన్నది చేయడం టైలర్‌కి పది నిమిషాల పని. చిన్నదాన్ని పెద్దది చేయాలంటే కుట్టు లోపల గుడ్డ వదిలి ఉండాలి, రెడీమేడ్‌లో అది చాలా తక్కువ.

పొడవు దగ్గర మోడల్ ఎత్తు చదవండి. ‘మోడల్ ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు’ అని రాసిన చోట మోకాలి కిందికి ఉన్న కుర్తీ, మీ ఎత్తు 5 అడుగుల 1 అంగుళమైతే పిక్కల దాకా వస్తుంది.

పిల్లల బట్టలకు వయసు చూడకండి, ఎత్తు చూడండి. మగవాళ్ల చొక్కాల్లో స్లిమ్ ఫిట్, రెగ్యులర్ ఫిట్ తేడా పొట్ట దగ్గరే తెలుస్తుంది కాబట్టి ఛాతీతో పాటు నడుము దగ్గర వెడల్పు కూడా సరిచూడాలి. జీన్స్ మీద 34 అని ఉన్నా టేపు పెడితే కొన్ని బ్రాండ్లలో అంతకంటే ఎక్కువే ఉంటుంది, పాత జీన్స్ నడుమును కొలిచి చార్ట్‌తో పోల్చుకోండి.

చీరలకు సైజు గొడవ లేదనుకుంటాం, కానీ ఉంది. మామూలుగా చీర 5.5 మీటర్లు, జాకెట్ ముక్క 0.8 మీటర్లు, మొత్తం 6.3. కొన్ని పేజీల్లో జాకెట్ ముక్కతో కలిపి 5.5 అని ఉంటుంది. కాస్త ఒళ్లున్నవాళ్లకు కుచ్చిళ్లు రావు. రంగు విషయానికొస్తే స్టూడియో ఫొటో కంటే రివ్యూలో ఎవరో ఇంట్లో తీసిన ఫొటోనే నమ్మకం. చేనేత అని చెప్పి అమ్మేవాటిని మరీ జాగ్రత్తగా చూడాలి. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకే ముందు రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ ముందూ వెనకా దాదాపు ఒకేలా ఉంటుంది, గీతల అంచులు కొంచెం చెదిరినట్టుంటాయి. వెనక్కి తిప్పితే రంగు వెలిసినట్టుండి డిజైన్ సరిగ్గా కనపడకపోతే అది ప్రింటు. పేజీలో ‘చేనేత ఇక్కత్’ అని రాసి ప్రింటు పంపితే అది మీ ఇష్టాయిష్టాల సంగతి కాదు, ప్రకటనలో చెప్పినది రాలేదు. కొంగు ముందువైపు, వెనకవైపు పగటి వెలుతురులో ఫొటోలు తీసి ఆ కారణంతోనే వెనక్కి పంపండి. పట్టు చీరకు సిల్క్ మార్క్ (అసలు పట్టని చెప్పే గుర్తు) ట్యాగ్ ఉందని పేజీలో చెప్తే, వచ్చిన చీరకు ఆ ట్యాగ్ ఉందో లేదో చూడండి.

మూడో మెట్టు: ఆర్డర్ పెట్టే తీరు

ఒకే డ్రెస్‌ను రెండు మూడు సైజుల్లో తెప్పించి, సరిపోయింది ఉంచుకుని మిగతావి పంపేయడం చాలామంది అలవాటు. చూడ్డానికి తెలివైన పనే. కానీ మూడు తెప్పించి రెండు పంపితే ఆ ఒక్క ఆర్డర్‌లోనే మూడింట రెండు వంతులు రిటర్న్. కొత్త బ్రాండ్ అయితే ఒక్కటే తెప్పించండి. సైజు మారాలంటే రిటర్న్ బదులు ఎక్స్‌ఛేంజ్ పెట్టండి. అమ్మకం నిలబడుతుంది కాబట్టి కంపెనీకి ఎక్స్‌ఛేంజ్ అంత బరువు కాదు.

పిన్నికీ, వదినకీ, పక్కింటివాళ్లకీ మన ఫోన్ నుంచే ఆర్డర్ పెట్టడం మన దగ్గర మామూలే. కాదనలేం కూడా. అయినా ఒకసారి కూర్చోబెట్టి వాళ్ల నంబరుతో వాళ్ల ఫోన్లోనే అకౌంట్ తెరిచి ఇవ్వండి. "పిన్నీ, ఇందులో నువ్వే చూసుకో, అర్థం కాకపోతే నన్ను పిలువు" అంటే సరిపోతుంది. ఆర్డర్ మెసేజ్, రీఫండ్, పికప్ ఓటీపీ అన్నీ వాళ్లకే వస్తాయి, డబ్బుల దగ్గర మాటలు కూడా రావు. మీ అకౌంట్‌కు కట్టడి పడింది కదా అని మీరే ఇంకో నంబరుతో కొత్తది తెరవడం మాత్రం వద్దు. చిరునామా, ఫోన్, చెల్లింపు వివరాలు కలిసిపోతే కంపెనీ రెండింటినీ మూసేసే వీలుంది.

నాలుగో మెట్టు: పార్సిల్ వచ్చిన రోజు

పార్సిల్ విప్పేముందు ఫోన్ కెమెరా ఆన్ చేసి ఎక్కడైనా నిలబెట్టండి. మొదట పైన అతికించిన లేబుల్ మీద ఆర్డర్ నంబరు కనపడాలి, తర్వాత సీలు, ఆ తర్వాత కత్తిరించి వస్తువు బయటికి తీయడం, బట్ట రెండు వైపులా చూపించడం, ట్యాగ్ చూపించడం. మధ్యలో వీడియో ఆపకండి. ఖాళీ కవరు వచ్చినా, ఆర్డర్ పెట్టింది కాకుండా పాత బట్ట వచ్చినా మీ మాటకు విలువ ఈ వీడియోతోనే. వస్తువు రాలేదనీ, తక్కువ వచ్చిందనీ అబద్ధం చెప్పి రీఫండ్‌లు కొట్టేసే ముఠాలు ఉన్నాయి కాబట్టి కంపెనీలు ఇలాంటి ఫిర్యాదులను ఊరికే నమ్మవు. ఆ భారం నిజాయితీగా కొనేవాళ్ల మీద పడుతోంది, అది బాధ కలిగించే విషయమే. అయినా వీడియో తీయక తప్పదు.

వేసి చూసుకునేటప్పుడు ట్యాగ్ తెంచకండి. స్నానం చేసి, పౌడరు, సెంటు, తలనూనె తగలకుండా వేసుకోండి. కుంకుమ, కాటుక మరకలు మెడ దగ్గర అంటుకుంటే పికప్‌కి వచ్చినబ్బాయి తీసుకోడు. చీర విప్పి కుచ్చిళ్లు పెట్టి చూడొచ్చు, కానీ పిన్నులు గుచ్చకండి. ఫాల్, పీకోకి ఇవ్వడం, జాకెట్ ముక్క కత్తిరించడం అన్నీ ఉంచుకుంటామని తేల్చుకున్నాకే. పార్సిల్ కవరు, లోపలి ప్లాస్టిక్ కవరు గడువు దాటేదాకా పారేయొద్దు.

పెళ్లికో ఫంక్షన్‌కో కట్టుకుని, ట్యాగ్ లోపలికి దాచి, మర్నాడు రిటర్న్ పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. చెమట వాసన, మడత నలగడం చెక్ చేసేవాళ్లకు తెలిసిపోతుంది. తెలియకపోతే ఇంకా అన్యాయం, ఆ బట్ట కొత్తదనుకుని ఇంకొకరి ఇంటికి వెళ్తుంది. అందరి రిటర్న్ గడువులు కుదించుకుపోవడానికి ఈ అలవాటు కూడా కారణమే.

ఐదో మెట్టు: రిటర్న్ పెట్టడం, పికప్, రీఫండ్

కారణం దగ్గర నిజమే నొక్కండి. సైజు సరిపోకపోతే ‘క్వాలిటీ బాగోలేదు’ అని పెడితే త్వరగా తీసుకుంటారని కొందరు చెప్తారు. అలా చేస్తే మంచి సరుకు పంపిన సెల్లర్ రేటింగ్ పడిపోతుంది. పైగా ప్రతిసారీ లోపం అని పెట్టే అకౌంట్, నిజంగా లోపం వచ్చిన రోజు నమ్మకం పోగొట్టుకుని ఉంటుంది. సైజు చార్ట్ తప్పయితే మాత్రం టేపు పెట్టిన ఫొటోతో సహా ఆ మాటే రాయండి.

గడువు చివరి రోజుదాకా ఆగొద్దు. పికప్ బాయ్ రెండు మూడుసార్లు వచ్చి తలుపు తాళం చూసి వెళ్తే రిటర్న్ దానంతటదే రద్దయిపోతుంది, ఈలోపు గడువు దాటుతుంది. ఇంట్లో ఎవరుంటే వాళ్లకు కవరు ఎక్కడుందో చెప్పి వెళ్లండి. ఇచ్చేముందు బట్ట, ట్యాగ్, బార్‌కోడ్ కనపడేలా రెండు ఫొటోలు తీయండి. ఓటీపీ అడిగితే వస్తువు అతని చేతికిచ్చి, అతను చెక్ చేశాకే చెప్పండి. పికప్ అయినట్టు మెసేజ్ వచ్చిందో లేదో అతను గుమ్మం దిగకముందే చూసుకోండి.

యూపీఐ, కార్డుతో కట్టినవి మామూలుగా అదే ఖాతాకు వస్తాయి. క్యాష్ ఆన్ డెలివరీ అయితే మీ బ్యాంకు ఖాతా వివరాలు యాప్ లోపలే ఇవ్వాలి, ఎవరికీ ఫోన్లో చెప్పొద్దు. ‘రీఫండ్ అయింది’ అని చూపించి డబ్బు పడకపోతే కంపెనీని యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు) అడగండి. కార్డుకైతే అలాంటిదే ఏఆర్ఎన్ నంబరు ఇస్తారు. ఆ నంబరుతో బ్యాంకుకు వెళ్తే డబ్బు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకొద్దు. ఇది గట్టిగా చెప్తున్నా. రీఫండ్ టెన్షన్‌లో ఉన్నవాళ్ల కోసమే దొంగ నంబర్లు పెట్టి కూర్చుంటారు. ‘స్క్రీన్ షేర్ యాప్ వేసుకోండి’, ‘ఈ రిక్వెస్ట్‌కు పిన్ కొట్టండి, డబ్బు వస్తుంది’ అంటారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. మోసపోయామని తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆరో మెట్టు: అకౌంట్‌కు కట్టడి పడ్డాక

ముందు యాప్‌లోని హెల్ప్ ద్వారా, రాతపూర్వకంగా, ఏ కారణంతో ఆంక్ష పెట్టారో అడగండి. గత ఆరు నెలల ఆర్డర్ల జాబితా తీసి, రిటర్న్‌లలో ఎన్ని లోపం వల్ల, ఎన్ని తప్పు వస్తువు వల్ల, ఎన్ని సైజు వల్ల అని రాసుకోండి. లోపాల వల్ల వెనక్కి వెళ్లినవి మీ లెక్కలో కలపడం సరికాదని ఆర్డర్ నంబర్లతో సహా చెప్పండి. మనిషి చూస్తే ఆంక్ష సడలే అవకాశం ఉంటుంది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆ యాప్‌లో తెలిసిన బ్రాండ్, తెలిసిన సైజు మాత్రమే కొనండి. దుప్పట్లు, టవళ్లు, చున్నీల్లాంటి సైజుతో పనిలేనివి, ఖాయంగా ఉంచుకునేవి తెప్పించుకోండి. నిష్పత్తి మెల్లగా తగ్గుతుంది. లంగా ఓణీ, పెళ్లి బ్లౌజు, పార్టీ గౌను లాంటి అమరిక కీలకమైనవి బజార్లో వేసి చూసుకునే కొనండి. వాటికి ఆన్‌లైన్ ఎప్పుడూ సరైన చోటు కాదని నా అభిప్రాయం.

ఏడో మెట్టు: మీ వైపు న్యాయం ఉండీ తీసుకోకపోతే

లోపమున్న సరుకు, తప్పు సరుకు, చార్ట్‌కు సరిపోలని కొలత ఉంటే ‘మీ అకౌంట్‌కు రిటర్న్ లేదు’ అన్న జవాబుతో ఆగిపోకండి. ప్రతి ఈ-కామర్స్ సంస్థ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, సంప్రదించే వివరాలు తన సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. మెయిల్ ఇలా రాస్తే చాలు:

"ఆర్డర్ నంబరు ఫలానా. ఈ కుర్తీ ఫలానా తేదీన అందింది. మీ ప్రోడక్ట్ పేజీలో ఎల్ సైజు ఛాతీ కొలత 40 అంగుళాలు అని ఉంది. నాకు వచ్చిన ఎల్ సైజు కుర్తీ ఛాతీ 37 అంగుళాలు మాత్రమే. పేజీ స్క్రీన్‌షాట్, టేపు పెట్టి తీసిన ఫొటోలు, పార్సిల్ విప్పిన వీడియో జతచేశాను. సరుకు ప్రకటనలో చెప్పినట్టు లేదు కాబట్టి ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం దీన్ని వెనక్కి తీసుకుని, నేను కట్టిన 899 రూపాయలు కట్టిన ఖాతాకే జమ చేయండి. నా అకౌంట్ మీద పెట్టిన రిటర్న్ ఆంక్ష ఈ ఫిర్యాదుకు వర్తించదు."

కోపం, తిట్లు, సోషల్ మీడియాలో పెడతామన్న బెదిరింపులు ఇందులో వద్దు. తేదీలు, కొలతలు, నంబర్లు ఉంటే చాలు.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదు నంబరు రాసుకోండి, కంపెనీతో మాట్లాడే పని వాళ్లు చేస్తారు. చిన్న మొత్తాల గొడవలకు ముందు ఈ దారి పట్టడమే మంచిది. అక్కడా కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా, గుర్‌గావ్‌లో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. ‘ఈ-జాగృతి’ పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. కట్టిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి. బిల్లు, స్క్రీన్‌షాట్లు, వీడియో, గ్రీవెన్స్ ఆఫీసర్‌కు పంపిన మెయిల్, 1915 ఫిర్యాదు నంబరు ఒకే ఫోల్డర్‌లో పెట్టి ఉంచుకోండి. ఆ కుర్తీని కూడా ట్యాగ్‌తో సహా అలాగే ఉంచండి, కమిషన్ చూపించమని అడగొచ్చు.